గోడ మీద 'ఊ'

"రుద్దకే నూకాలూ, సెయ్యి ఒరుసుకుపోతాది," అంది అత్త పోతమ్మ గుమ్మం లోపలి నుంచి.

నూకాలు వినిపించుకోలేదు. కొబ్బరిపీచు సర్ఫు నీళ్లలో ముంచి గోడకేసి రుద్దుతూనే ఉంది. ఎర్రరంగు వదలడం లేదు. పైగా చుట్టూ ఉన్న సున్నం పెచ్చులూడిపోయి, అక్షరం నిన్నటికంటే పెద్దదైనట్టు కనిపిస్తోంది.

ఊ.

నిన్న సాయంత్రం కార్పొరేషను మనుషులు రంగు డబ్బా, కుంచె పట్టుకుని కొండ ఎక్కారు. ఇంటికొక అక్షరం రాసుకుంటూ పోయారు. ఎదురింటి రామలక్ష్మమ్మ గోడ మీద 'అ'. ఆ పక్కింటికీ 'అ'. దానిపైన ఉన్న ఇళ్లన్నిటికీ 'అ'. వరసంతా వెతికినా 'ఊ' రాసిన గోడ ఇదొక్కటే.

"సెరిపితే మల్లీ రాత్తారు నూకాలూ. ఆల డబ్బాలో రంగుకి కరువా?" అంది రామలక్ష్మమ్మ, ఎదురరుగు మీద కూర్చుని చేపలు బాగుచేసుకుంటూ.

"నీకేటప్పా, 'అ' పడింది. ఎన్నయినా మాటాడతావు."

"నానేటి రాయించుకున్నానా? 'అ' అంటే అర్హులంట. ఆనందపురం అవతల కాలనీలో మూడో అంతస్తో నాలుగో అంతస్తో ఇత్తారంట. మెట్లెక్కడం మనకి కొత్తా ఏటి?"

"మరి 'ఊ' అంటే?"

రామలక్ష్మమ్మ పొలుసు గీకడం ఆపింది. "ఊ అంటే ఊడగొట్టీడం కామోసు," అని తనే నవ్వింది. ఇంకెవరూ నవ్వకపోయేసరికి, "సరదాకన్నాన్లే తల్లీ," అని కత్తిపీట వైపు తల తిప్పుకుంది.

కింద, కొండ మొదట్లో, పొక్లెయిన్ ఆగి ఉంది. పోయిన వారం మొదటి వరస ఇళ్లని కూల్చినప్పటి నుంచి అది అక్కడే ఉంది. డ్రైవరు వస్తాడు, దాని నీడలో టీ తాగుతాడు, వెళ్లిపోతాడు. పొద్దున్న లేవగానే కొండ మీద ఆడవాళ్లందరూ ముందు దానికేసి చూస్తున్నారు, తరవాతే ముఖం కడుక్కుంటున్నారు.

సత్యం మెట్లెక్కి వచ్చాడు. తెల్లారకముందే పూర్ణా మార్కెట్టుకి బస్తాలు దింపడానికి వెళ్లిన మనిషి ఈ వేళప్పుడు ఇంటికి రావడం ఎప్పుడూ లేదు. భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుని, గోడకేసి ఒకసారి చూసి, పెళ్లాం చేతిలో పీచు లాక్కుని పారేశాడు.

"వార్డు ఆఫీసుకెల్లి అడిగొచ్చాను. 'ఊ' అంటే ఊర్లో ఇల్లున్నోలంట. ఊర్లో ఇల్లున్నోలకి ఇక్కడ ఇల్లివ్వరంట. కూల్చీసినాక మూట సద్దుకుని ఊరెలిపోవాలంట."

"ఏ ఊరు? మనకే ఊర్లో ఉందయ్యా ఇల్లు?"

"నానూ అదే అడిగాను. 'మీ ఇంట్లో మనిసే సెప్పింది, మేం రాసుకున్నాం' అంతన్నారు."

నూకాలు మెల్లిగా గుమ్మం వైపు తిరిగింది. లోపల పోతమ్మ చేటతో చెరుగుతోంది. చేట పైకీ కిందికీ ఆడుతూనే ఉంది గానీ అందులో బియ్యం లేవు.

"అత్తా."

"ఊ."

"ఆ సర్వే పిల్లతోటి ఏటి సెప్పావు?"

"ఏటి సెప్తాను. మంచి పిల్లే. మిట్టమద్దేనం ఒచ్చింది, మొకం కందిపోనాది. మజ్జిగిచ్చాను. గోదారోల పిల్ల కదా, మాట తియ్యగుంటాది. 'మామ్మగారూ, మీది ఏ ఊరండీ' అనడిగింది. సబ్బవరం అవతల అని సెప్పాను."

"ఆ తరవాత?"

"'ఊర్లో ఇల్లుందాండీ' అంది."

"నువ్వేటన్నావు?"

పోతమ్మ చేట కింద పెట్టింది. "ఏటంటాను? ఊ అన్నాను."

సత్యం గోడకి చేరగిలబడి కూర్చుండిపోయాడు.

"ఊ అన్నావా! ఏ ఇల్లుందని అన్నావత్తా? తుపానుకి పైకప్పు ఎగిరిపోయి, ఎనక గోడ కూలిపోయి, మేకలు కట్టుకున్నారే, ఆ ఇల్లేనా?"

"గోడ కూలితే ఇల్లు కాకుండా పోతాదేటి?"

"పోతాది! ఎందుకు పోదు?"

"మరేటనాలే? మాకు ఊర్లో ఇల్లు నేదమ్మా అని, ఊరూ పేరూ నేనోలలాగ సెప్పుకోవాలా, ముక్కూ మొకం తెలీని పిల్లతోటి? నీ పెల్లప్పుడు మీ నాన్నకీ ఇదే మాట సెప్పాం. అప్పుడు ఆయన సంబరపడిపోనాడు. నువ్వూ సంబరపడే ఒచ్చావు."

అది అబద్ధమేమీ కాదు. ఈ కొండ మీద ఎవరిని 'మీ ఊరేది' అనడిగినా విశాఖపట్నం అని ఒక్కరూ చెప్పరు. ఇక్కడే పుట్టి ఇక్కడే పిల్లల్ని కన్నవాళ్లు కూడా బొబ్బిలి అనో, పాలకొండ అనో, సబ్బవరం అవతల అనో అంటారు. ఇక్కడ ఉన్నది 'రూము'. 'రూముకెల్తన్నాను' అంటారు. సిమెంటు పోసి శ్లాబు వేసుకున్నా సరే, అది రూమే. ఇల్లు మాత్రం ఊర్లోనే ఉండాలి. ఉందో లేదో ఎవరూ వెళ్లి చూడరు. అడిగినవాళ్లకి ఊ అనాలి, అంతే.

ఆ పిల్ల నూకాలునే అడిగి ఉంటే? నూకాలు ఆ ఆలోచనని అక్కడితో తుంచేసింది.

"ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుంది?" అనడిగింది మొగుణ్ణి.

"కిందే. టేపులు పట్టుకుని కొలుత్తన్నారు."

నూకాలు పమిట దోపుకుని మెట్లు దిగింది.

*

కూల్చేసిన ఇళ్ల గచ్చులు మాత్రం మిగిలాయి. ఒక మొండిగోడకి అద్దం ఇంకా వేలాడుతోంది. దాని పక్కన నీడలో హేమశ్రీ నిలబడి ఉంది. వార్డు ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు చూసే పిల్ల, సర్వేకొచ్చింది ఈ పిల్లే. నూకాలుని చూడగానే చేతిలో ట్యాబు గుండెలకి ఆనించుకుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు.

"మీరు పోతమ్మగారి కోడలు కదండీ?"

"అవునమ్మా. మా అత్తకి తెలీక అన్న మాట అది. నువ్వే ఒచ్చి సూసుకో. ఊర్లో ఉన్నది ఇల్లు కాదు, మట్టి దిబ్బ. ఆ అచ్చరం మార్చీ."

"నేను మార్చేది కాదండీ అది."

"నువ్వే కదా రాసింది?"

"రాసేది నేనే, మార్చేది మా సారండీ." ఆ పిల్ల ఇబ్బందిగా నవ్వింది. "అసలు ఈ కొండ మీద ఇళ్లే ఉండకూడదండీ. ప్లానులో పచ్చగా ఉంది ఇదంతా."

"పచ్చగా ఏటి? ఎర్రమట్టి కదా కనబడతంది."

హేమశ్రీ ట్యాబు తిప్పి చూపించింది. పటంలో సముద్రం నీలం, రోడ్లు బూడిదరంగు. కొండ మొత్తం చిక్కటి ఆకుపచ్చ. "పచ్చరంగు అంటే చెట్లండీ. ఇక్కడ చెట్లే ఉండాలి, ఇళ్లు ఉండకూడదు. కిందటి వానలకి బండరాళ్లు జారాయి కదా, అందుకే ఇప్పుడు తొందర పెడుతున్నారు."

నూకాలు ఆ పచ్చరంగులోకి తొంగి చూసింది. రామలక్ష్మమ్మ అరుగు లేదు. మెట్లు లేవు. కుళాయి లేదు.

"అయితే మేం సెట్లమేటి?" అంది.

హేమశ్రీకి నవ్వు రాలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "మీకో మాట చెప్పాలండీ. మట్టి దిబ్బ అయితే నేనే సారుతో మాట్లాడి తీయించేద్దును. మామ్మగారు మంచి మజ్జిగిచ్చారు నాకు. కానీ కంప్యూటర్లో చూస్తే ఆ ఊర్లో మామ్మగారి పేరున కొత్త ఇల్లుందండీ. గవర్నమెంటిల్లు. కట్టడం కూడా అయిపోయింది."

"మా అత్త పేరునా?"

"ఆయ్. ఇళ్లు ఆడవాళ్ల పేర్నే ఇస్తారు కదండీ. ఒక రేషన్ కార్డులో ఒకసారి ఇల్లు వస్తే మళ్లీ రాదు. ఆవిడ మీ కార్డులో ఉన్నారు."

పొక్లెయిన్ డ్రైవరు గ్లాసు కడిగి నీళ్లు విసిరాడు. ఆ చప్పుడికి నూకాలు ఉలిక్కిపడింది.

"మా అత్త ఆ ఇల్లు కళ్లతో సూడనేదమ్మా. నిజంగా."

"నేను నమ్ముతానండీ. సారు నమ్మాలి కదా. సాయంత్రం ఆయనే వస్తారు." తరవాతి మాట ఆ పిల్ల అద్దంలోకి చూస్తూ అంది. "మామ్మగారు అక్కడే, ఆ ఇంట్లోనే ఉంటున్నారనుకోండి. అప్పుడు అది ఆవిడ ఇల్లు, ఇది మీ సంసారం. వేరు చేసి మీ పేరున 'అ' రాస్తారు. నేను చెప్పానని అనకండి."

*

కొండెక్కుతూ నూకాలు ఆ మాటని చాలాసార్లు నోట్లో తిప్పుకుంది. మా అత్త ఊర్లో ఉంటాది సార్. చిన్న మాట. పోతమ్మతో రోజూ పడే గొడవలకంటే చిన్నది. చారులో ఉప్పు గురించి పడ్డ గొడవ ఇంతకంటే పెద్దది.

ఇంటికొచ్చి మొదటి సంగతి చెప్పింది. రెండోది చెప్పలేదు.

"కొత్త ఇల్లా?" అంది పోతమ్మ. ముఖం వెలిగిపోయింది. "నా పేరునే? శ్లాబిల్లేనా?"

"అత్తా! నీకు సంతోసంగా ఉందా?"

"సంతోసమని కాదే... రమణమూర్తి నాతో ఒక్క ముక్కైనా అన్నేదు." ఏదో గుర్తొచ్చి ఆగింది. "అప్పుడెప్పుడో అమ్మోరి పండగకి ఎల్లినప్పుడు వేలెట్టించాడు. 'అమ్మా, ఈ మిషను మీద వేలెట్టు' అన్నాడు. ఆధారు కోసమేమో అనుకున్నాను. పెద్దకొడుకు అడిగితే ఎందుకని అడుగుతానేటి?"

"ఎందుకడగవు? ఎవలేది అడిగినా ఊ అనీడమే. ఊ, ఊ, ఊ. నీ ఊకి మాం రోడ్డున పడ్డాం!"

"ఏయ్," అన్నాడు సత్యం.

"ఏయ్ ఏటి? మీ అన్న మీ అమ్మ పేరున ఇల్లు కట్టుకుని అందులో తొంగుంతన్నాడు. మీ అమ్మేమో నా నెత్తి మీద ఉంది. ఆలు పనికొచ్చేవన్నీ ఉంచుకుని, మనిసిని మాత్రం మనకి ఒగ్గీసారు!"

అన్నాక గానీ ఆ మాట ఎంత దూరం వెళ్లిందో ఆమెకి తెలియలేదు. సత్యం లేచి బయటికి వెళ్లాడు. పోతమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. గిన్నె మూత తీసి చూసి, మళ్లీ పెట్టింది. దాన్లో ఏముందో చూసినట్టు లేదు.

సత్యం బయట నిలబడి అన్నకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఈసారి మోగకుండానే కట్టయింది.

అన్నం ఎవరూ సరిగా తినలేదు. పోతమ్మ మాత్రం మనవరాలు ధనశ్రీ బడి నుంచి వచ్చేసరికి ఉండాలని చేపముక్క ఒకటి పక్కన తీసి మూతపెట్టింది.

*

సాయంత్రం ప్లానింగు ఆఫీసరు గుణశేఖర్ వచ్చాడు. మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. మంచి షర్టు, చెప్పులకి ఎర్రమట్టి. వెనక హేమశ్రీ, తల వంచుకుని.

సత్యం ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. ఆఫీసరు కూర్చోలేదు. గోడ మీద అక్షరాన్ని, దాని చుట్టూ ఊడిన సున్నాన్ని చూశాడు.

"చెరపడానికి చూశారా?"

"తెలీక సార్," అన్నాడు సత్యం.

"ఇలాంటి పనులు చేస్తే మాకు అనుమానం వస్తుంది." ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది. దానికే నూకాలుకి ఎక్కువ భయం వేసింది. కోప్పడే మనిషి కాళ్లు పట్టుకోవచ్చు. అలిసిపోయిన మనిషికి ఏం చెప్పినా ఎక్కదు.

"మీకు ఊర్లో గవర్నమెంటిల్లు ఉంది. పోతమ్మ పేరున. ఒక్కటే ప్రశ్న. పోతమ్మగారు ఆ ఇంట్లో ఉంటున్నారా, మీతో ఉంటున్నారా? మీతో ఉంటే మీకిక్కడ ఏమీ రాదు. అక్కడుంటే మీరు వేరు, ఆవిడ వేరు."

పోతమ్మ గడప పక్కనే కూర్చుని ఉంది. వాన నీళ్ల బకెట్టు పక్కన, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని. ఆఫీసరు ఆమెని చూడకుండా ఉండే వీల్లేదు.

పొద్దుటి నుంచి నూకాలు నోట్లో తిప్పుకున్న మాట నాలిక చివరే ఉంది. అనాలి. అనేస్తే అయిపోతుంది. ఆమె హేమశ్రీ వైపు చూసింది. హేమశ్రీ ట్యాబు మీద లేని దుమ్ము తుడుస్తోంది.

మాట రాలేదు.

"ఊర్లో ఉంటాది సార్," అన్నాడు సత్యం.

ఎదురరుగు మీద రామలక్ష్మమ్మ చటుక్కున తలెత్తింది. మళ్లీ అంత తొందరగానూ దించుకుంది.

"ఊర్లోనా? మరి ఈవిడెవరు?"

కింద కుళాయి దగ్గర బిందెల చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. సత్యం తల్లికేసి చూడలేదు, నేలకేసి చూశాడు.

పోతమ్మ బకెట్టు అంచు పట్టుకుని లేచింది.

"సుట్టాన్ని బాబూ," అంది. "ఈల సుట్టాన్నే. ఒకసారి సూసెల్దామని ఒచ్చాను."

"పేరు?"

"పేరేటుంది బాబూ ముసిల్దానికి. అప్ప అంటారు అందరూ."

ఆఫీసరు హేమశ్రీ వైపు తిరిగాడు. "సర్వే చేసింది నువ్వే కదా. ఆ రోజు మాట్లాడింది ఈవిడేనా?"

హేమశ్రీ తలెత్తింది. ఆమె కళ్లు పోతమ్మ మీద ఒక్క క్షణం నిలిచాయి. "గుర్తు లేదండీ సార్," అంది. "చాలా ఇళ్లు తిరిగాను కదండీ."

ఆయన నమ్మాడో లేదో తెలియలేదు. జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు. "సరే. రేపు పొద్దున్నే ఆ మండలం వాళ్లు ఆ ఇంటికెళ్లి చూస్తారు. పోతమ్మగారు అక్కడ కనబడాలి. కనబడితే ఇక్కడ 'అ' రాయిస్తాను. కనబడకపోతే..." మెట్ల వైపు నాలుగడుగులు వేసి ఆగాడు. "ఇక్కడిదీ రాదు, అక్కడిదీ ఉండదు. అబద్ధం చెప్పినందుకు పైన కేసు కూడా. ఎల్లుండి ఈ వరస మీదికి మిషను వస్తుంది. ఆలోచించుకోండి."

*

ఆయన వెనకే హేమశ్రీ కూడా మెట్లు దిగిపోయింది.

"నీ నోటికెలాగొచ్చిందయ్యా ఆ మాట?" అంది నూకాలు.

"నీకు రాలేదు కదా, అందుకే నాకొచ్చింది." సత్యం మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "నీకు ముందే తెలుసు. కిందికెల్లి ఒచ్చినప్పుడే తెలుసు. నీ మొకం సూత్తే తెలీదేటి?"

"తెలుసు! అందుకే సెప్పనేదు!"

"సెప్పకుండా ఉంచుకుని ఏటి సేద్దామనుకున్నావు?"

నూకాలు ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి లోపల పెట్టింది.

"ఊరుకోండర్రా," అంది పోతమ్మ. అప్పటికే పాత చీర ఒకటి నేల మీద పరిచింది. రెండు చీరలు, రవికెలు, మోకాళ్లకి రాసుకునే నూనె. "నా ఇంటికి నాను ఎల్తన్నాను. దీనికి ఏడుపులెందుకు? గవర్నమెంటు నాకు శ్లాబిల్లిచ్చింది. ఈ రూములో ఎంతకాలమని పడుంటాను?"

"అక్కడ నీకు గుక్కెడు నీళ్లిచ్చే మనిసి నేదత్తా. అమ్మోరి పండక్కెల్లినప్పుడు నీ పెద్దకోడలు ఎంకటరమణమ్మప్ప నిన్ను పలకరించనైనా నేదని నువ్వే సెప్పావు."

"నా ఇంట్లో నాకు నీళ్లిచ్చేదేటి? నానే ఇత్తాను దానికి." నవ్వబోయింది గానీ పెదాలు సహకరించలేదు. "నూకాలూ, ఒక్క మాట. నువ్వు పొద్దున్న ఒగ్గీసారు అన్నావు సూడు..."

"అత్తా, అది..."

"కాదే. ఇను. అన్నావని బాదనేదు. ఈ ఇంట్లో నాను ఒగ్గీసిన మనిసిలాగ ఎప్పుడూ బతకనేదు. అది సెప్దామనే." మూట ముడి గట్టిగా బిగించింది. "పిల్లకి సేపముక్క తీసుంచాను. ముల్లు సూసి ఎట్టు."

సత్యం గూట్లో చార్జింగుకి పెట్టిన ఫోను మీదికి వంగి, అన్నకి మాట రికార్డు చేసి పంపాడు. "అన్నా, అమ్మని ఆ ఇంటికి తీసుకొత్తన్నాను. రేపు పొద్దున్న ఆఫీసోలు సూడ్డానికొత్తారు. నువ్వు ఉండాలి." తల్లి మూట భుజానికెత్తుకున్నాడు.

నూకాలు వాళ్లతో మెట్ల దాకా వెళ్లింది. కింద పొక్లెయిన్ పక్కన అద్దె ఆటో ఒకటి ఆగి ఉంది. పోతమ్మ ఒక చేత్తో కొడుకు భుజం, ఒక చేత్తో గోడలు పట్టుకుని దిగుతోంది. ఒక్కో గోడా దాటుతుంటే, ఒక్కో 'అ' మీదా ఆమె చెయ్యి ఆని వెళ్తోంది. ఆమెకి అక్షరాలు రావు. ఏ గోడ మీద ఏముందో ఆమె చూడలేదు. వెనక్కి కూడా తిరిగి చూడలేదు.

రామలక్ష్మమ్మ వచ్చి నూకాలు పక్కన నిలబడింది. "ఎక్కడికే?"

"ఊరికి."

"ఇప్పుడేటి ఊరు? పొద్దు గుంకుతుంటే?"

నూకాలు ఇంట్లోకొచ్చింది. పోతమ్మ కూర్చునే చోట చాప అలాగే ఉంది. తీయాలా ఉంచాలా తెలియక దాని పక్కన నిలబడింది. అప్పుడు ఆమె చేతిలో ఫోన్ మోగింది.

తోటికోడలు వెంకటరమణమ్మ. పెళ్లయినప్పటి నుంచి ఆమె తనంతట తాను ఫోన్ చేసింది ఎప్పుడూ లేదు.

"నూకాలూ, అత్త బయల్దేరిపోనాదేటి?" ఊపిరాడని గొంతు. ఎక్కడో నక్కి మాట్లాడుతున్నట్టుంది.

"ఇప్పుడే. ఏటప్పా?"

"ఆపీ. ఆపీవే తల్లీ. ఆ ఇంట్లో మాం ఉండటం నేదు. మాం ఆనందపురం ఒచ్చీసి చానాళ్లయింది. ఆ ఇల్లు ప్లాట్లేసి అమ్మే లేఅవుటోలకి ఇచ్చీసాడు మీ బావ. ఆలు అక్కడ ఆఫీసెట్టుకున్నారు. జెండాలు పాతీసారు."

"ఇచ్చీడమేటి? అది అత్త పేరున ఉంది కదా!"

అటుపక్క ఎక్కడో తలుపు మూసిన చప్పుడు.

"అత్త పోనాదని సెప్పాడు ఆలతోటి," అంది వెంకటరమణమ్మ. "అమ్మ సచ్చిపోనాది, నానే వారసుణ్ణి అని సంతకం ఎట్టీసాడు. నాకు తెలిసినప్పుడు అన్నం సయించనేదే. ఎవలికి సెప్పను? ఇప్పుడు అత్త బతికొచ్చి ఆ గుమ్మంలో నిలబడితే..."

నూకాలు ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"బావకి తెలుసా, అత్త ఒత్తందని?"

"సత్యం ఏదో పంపాడు కదా ఫోన్లో. ఇన్నాడు. రెండుసార్లు ఇన్నాడు. ఏటీ అన్నేదు. బండి తీసుకుని ఎలిపోనాడు."

నూకాలు అప్పుడే సత్యానికి ఫోన్ చేసింది. ఒకటి, రెండు... మోగుతున్న చప్పుడు చెవిలోనూ వినిపిస్తోంది, ఇంట్లోనూ వినిపిస్తోంది. గూటిలో, చార్జింగు తీగకి వేలాడుతూ, సత్యం ఫోన్ వెలుగుతోంది.

చెప్పుల్లేకుండా మెట్ల మీదికి పరుగెత్తింది. రామలక్ష్మమ్మ ఏదో అడిగింది, వినలేదు. కుళాయి దగ్గర బిందెలు తన్నుకుని పడబోయి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. కింద పొక్లెయిన్ పక్కన ఆటో లేదు. ఆటో నిలబడ్డ చోట నేల మీద చమురు మరక ఉంది. రోడ్డు మీద స్టీలు ప్లాంటు బస్సులు, లారీలు, ఒకే రకం ఆటోలు బారులు తీరి పోతున్నాయి.

ఆమె మళ్లీ తోటికోడలికి ఫోన్ చేసింది. వెంటనే ఎత్తింది.

"అప్పా, ఒక్కటి సెప్పు. బావ ఒక్కడే ఎల్లాడా?"

లారీ హారన్ ఆగేదాకా నూకాలు ఫోను చెవికి నొక్కి పట్టుకుంది.

"అప్పా, నిన్నే. ఆ లేఅవుటోలు ఉన్నారా ఎంట?"

అటునుంచి ఊపిరి మాత్రం వినిపిస్తోంది.